వైజాగ్ ఎండల్లో పెరటికి, మేడ మీద కుండీలకి రోజూ ఏం చేయాలి?

హైదరాబాద్ నుంచి మధురవాడ వైపు సొంతింటికి వచ్చామన్నారు. పెరట్లో మామిడి, జామ, నిమ్మ, మునగ ఉన్నాయి, మేడ మీద కుండీల్లో కూరగాయలు వేశారు. వీడియోల్లో చెప్పినట్టు రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి, టమాటా పూత రాలిపోతోంది, రోజువారీ పనులేమిటి, మే నెలలో ఊరెళ్తే ఎలా అని అడిగారు. మాది ఇప్పుడు గోపాలపట్నం, అంతకుముందు సముద్రం ఒడ్డున లాసన్స్ బే దగ్గర అద్దెకుండేవాళ్ళం. రెండు చోట్లా మొక్కలు పెంచాను కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు ఆ వీడియోల సంగతి. ఆ రెండు పూటల లెక్క హైదరాబాద్ లాంటి చోట్లకి. అక్కడిది పొడి ఎండ. పగలు మాడ్చేసినా తెల్లవారుజాముకి కాస్త చల్లబడుతుంది. మన దగ్గర పగటి వేడి మామూలుగా 35కి అటూ ఇటూ ఉంటుంది. పడమటి గాలి తిరిగిన రోజుల్లో 40 దాటడమూ ఉంది. అసలు తేడా రాత్రిది. సముద్రం పక్కనే ఉండడం వల్ల మే నెలలో రాత్రి కూడా 27, 28 దగ్గరే ఉంటుంది, గాలి నిండా తేమ. మనకి ఉక్కపోస్తే మొక్కకీ దాహమేస్తుందని అనుకుంటాం. కానీ ఆ తేమ గాలిలో కుండీ పైన మట్టి ఎండినట్టు కనిపించినా నాలుగు వేళ్ళ కింద బురదగానే ఉంటుంది. మీ ఆకులు పసుపెక్కడానికి చాలావరకు కారణం ఇదే అయ్యుంటుంది. వేళ్ళకి గాలాడక మొక్క తిండి తీసుకోలేదు.

టమాటా గురించి టెన్షన్ వద్దు. రాత్రి వేడి 24 దాటితే దాని పూత సరిగా నిలవదు, నీళ్ళు పోసినా ఎరువు వేసినా ఇంతే. ఏప్రిల్, మే నెలల్లో టమాటాని రైతు బజార్‌కి వదిలేసి, ఆ కుండీల్లో బెండ, వంగ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి వేసుకోండి. వీటికి ఈ ఉక్క సరిపడుతుంది. బచ్చలికి మధ్యాహ్నం కాస్త నీడుంటే ఇంకా బాగా వస్తుంది.

ఇక రోజు పని. మనది తూర్పు తీరం, మే నెలలో ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. ఏడు దాటితే మేడ మీద కాలు పెట్టలేం. అందుకే నా పనంతా ఐదున్నర, ఆరున్నర మధ్యే. పైప్ పట్టుకునే ముందు ప్రతి కుండీలోనూ వేలు దించి చూస్తాను. రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. మా పక్క వీధిలో పాదులు తవ్వడానికి వచ్చే పెద్దాయన ఒకసారి నా చేతిలో పైప్ చూసి, "ఏటమ్మా, తడున్న దానికి మళ్ళీ నీరెందుకు? దానికేం జ్వరమా?" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేస్తున్నాను. పోసినప్పుడు మాత్రం కుండీ అడుగు చిల్లులోంచి నీరు కారేదాకా పోస్తాను, అదీ రెండు విడతలుగా. మొదట కొంచెం పోసి, మట్టి మెత్తబడ్డాక మిగతాది. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన కుండీ పూర్తిగా ఎండిపోతే పైన పోసిన నీరు అంచుల వెంట జారి కిందికి పోతుంది, లోపల చుక్క ఇంకదు. అలాంటి కుండీని ఒక టబ్బులో నీళ్ళు పోసి కాసేపు నిలబెడితే కింద నుంచి పీల్చుకుంటుంది.

మధ్యాహ్నం రెండింటికి ఆనప ఆకులు, వంగ ఆకులు వేలాడిపోతే కంగారు పడకండి. ఆకు తన నీటిని కాపాడుకునే పద్ధతి అది. సాయంత్రానికి నిలబడిపోతుంది. పొద్దున్నే వాడి ఉంటే మాత్రం వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరు కుళ్ళు. సాయంత్రం నీళ్ళు పోయాల్సి వస్తే మొక్క మొదట్లోనే పోయండి, ఆకుల మీద చల్లకండి. మన తేమకి ఆకు రాత్రంతా తడిగా ఉండిపోయి బూజు తెగులు, ఆకుమచ్చ పట్టుకుంటాయి. ఆకులు కడగాలంటే అది పొద్దుటి పని.

కడగడం అవసరమే, ముఖ్యంగా మీ ఇల్లు ఋషికొండ బీచ్ వైపు గాలికి ఎదురుగా ఉంటే. లాసన్స్ బేలో ఉన్నప్పుడు నిమ్మ, కరివేపాకు కొసలు కాలినట్టు గోధుమ రంగులోకి మారేవి. తెగులని అందరం మందులు చెప్పుకునేవాళ్ళం, చూస్తే ఉప్పుగాలి. వారానికి ఒకటి రెండుసార్లు మంచినీళ్ళతో ఆకులు కడిగితే తగ్గింది. తీరానికి దగ్గర బోర్లలో నీరు కూడా ఉప్పదనంగా ఉండొచ్చు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే అదే గుర్తు. నెలకోసారైనా మున్సిపల్ కుళాయి నీళ్ళు ధారాళంగా పోసి ఆ ఉప్పుని కిందికి కడిగేయాలి. ఏసీ నుంచి కారే నీరు ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది, అందులో లవణాలు దాదాపు ఉండవు. మన ఉక్కకి ఏసీ కింద పెట్టిన బకెట్ తెల్లారేసరికి ఎలాగూ నిండుతుంది. ఆర్‌వో ఫిల్టర్ వదిలే నీరు మాత్రం కుండీలకి వద్దు. లవణాలన్నీ అందులోనే ఉంటాయి, దాన్ని గచ్చు కడుక్కోవడానికి వాడుకోండి.

నేల మీది చెట్లకి పాదు ముఖ్యం. మన ఎర్రమట్టి పైన పెంకులా గట్టిపడి నీటిని పక్కకి జార్చేస్తుంది. బొరిగెతో పైపైన గుల్ల చేసి, మొదలుకి ఆనించకుండా కొమ్మల చివర నీడ పడే చోట గుండ్రంగా పాదు చేయండి. నీటిని పీల్చే సన్న వేళ్ళు ఎక్కువగా అక్కడే ఉంటాయి. పాదు మీద ఎండుటాకులు, వరిగడ్డి జానెడు మందాన పరిస్తే రోజూ పోసే నీరు రెండు మూడు రోజులకోసారికి తగ్గుతుంది. కొబ్బరిబోండాల బండి వాళ్ళు పారేసే డొక్కలు అడిగి తెచ్చుకుని ముక్కలు కొట్టి వేసినా మంచిదే. చెరకు రసం బండి దగ్గర పిప్పి కూడా ఊరికే ఇస్తారు, కానీ పచ్చి పిప్పి వద్దు, తీపికి చీమలు పడతాయి.

చీమలు వచ్చాయంటే వెనకే పిండినల్లి, అంటే తెల్లగా పిండి అంటినట్టుండే పురుగు, ఉంటుంది. పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపాడతాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోసుకెళ్తాయి కూడా. పొద్దున పైప్ నీటిని గట్టిగా కొట్టి చాలావరకు రాల్చేస్తాను. మిగిలినవాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, నూనె కలవడానికి కాస్త సబ్బు నీళ్ళు. ఎండలో నూనె పడితే ఆకు మాడుతుంది కాబట్టి ఎండ దిగాక, చీకటి పడేలోపు ఆరిపోయేలా కొట్టాలి. మామిడి మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు రాస్తే చీమలు, పిండినల్లి పిల్లలు పైకి ఎక్కలేవు. బెండలో ఆకు ఈనెలు పసుపు వల వేసినట్టు కనిపిస్తే ఆ మొక్కని పీకి పారేయడమే. అది వైరస్, తెల్లదోమ పక్క మొక్కలకి అంటిస్తుంది. నిమ్మ, కరివేపాకు లేత ఆకుల మీద పిట్టరెట్టలా ఉండే పురుగులు కనిపిస్తే మందక్కర్లేదు, చేత్తో ఏరేయండి.

ఆనప, బీర పందిరి ఉంటే సాయంత్రం ఒక సరదా పని ఉంటుంది. రెండింటి పువ్వులూ సాయంత్రం పూటే విచ్చుకుంటాయి. మేడ మీద పురుగులు, తేనెటీగలు తక్కువ తిరుగుతాయి కాబట్టి పిందెలు పసుపెక్కి రాలిపోతుంటాయి. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, కింద బుల్లి కాయ ఉన్న ఆడపువ్వులో మెల్లగా అద్దితే చాలు. కాకర, గుమ్మడి అయితే ఇదే పని పొద్దున్నే చేయాలి. ఆనప తీగ పందిరి ఎక్కగానే కొస తుంచండి, పక్క తీగల మీద ఆడపువ్వులు ఎక్కువ వస్తాయి.

పండ్ల చెట్లలో మామిడికి ఇప్పుడు నీళ్ళు తగ్గించే వేళ. కాయ ముదిరాక నీరు ఎక్కువైతే తీపి పలచబడుతుంది. మీ చెట్టు సువర్ణరేఖ అయితే బంగినపల్లి కన్నా ముందే కోతకి వస్తుంది. మన జిల్లా రకమే అది, ఎర్రటి బుగ్గ చూసి తొందరపడి కోసేస్తారు, కానీ ఆ ఎరుపు ముదురుకి గుర్తు కాదు. తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి, చెట్టు మీద ఒకటి రెండు కాయలు తమంతట తామే పండి రాలాక కోయండి. చిక్కం కట్టిన కర్రతో, తొడిమ కొంచెం ఉంచి కోసి, తరవాత తొడిమ తీసి సొన కారేలా బోర్లించాలి. సొన తొక్క మీద పారితే నల్ల మచ్చ పడి అక్కడే కుళ్ళు మొదలవుతుంది. వరిగడ్డిలో పెడితే కొద్ది రోజుల్లో పండుతాయి. పండు ఈగకి మిథైల్ యూజినాల్ ఎర ఒకటి కొమ్మకి వేలాడదీయండి, మగ ఈగలు అందులో పడతాయి. దానికన్నా ముఖ్యం రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతేయడం. ఈ పని మా ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా మానం.

జామ విషయంలో చాలామంది నమ్మరు గానీ, నేలలో నాటుకున్న పెద్ద చెట్టుకి ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు దాదాపు ఆపేయండి. కొన్ని ఆకులు రాలిపోతాయి, భయపడొద్దు. జూన్‌లో గత్తం, అంటే పశువుల ఎరువు, వేసి నీరు పెడితే కొత్త చిగురు, పూత వచ్చి చలికాలంలో కాయ దిగుతుంది. వానాకాలం కాయకి పురుగెక్కువ, రుచి తక్కువ. కుండీలో జామకి మాత్రం ఈ పని చేయకండి, చచ్చిపోతుంది. నిమ్మ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, తడి ఒకే తీరుగా ఉండాలి. బాగా ఎండనిచ్చి ఒక్కసారి నీరు పెడితే కాయలు పగులుతాయి.

మునగ కాపు అయిపోగానే మూడు, నాలుగు అడుగుల ఎత్తులో నరికేయండి. దాని కర్ర పెళుసు, మే నెల గాలివానకే విరిగి గోడ మీదో కరెంటు తీగల మీదో పడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక ఈ ఊళ్ళో ఇంటి పక్క పొడవాటి చెట్టుని చూస్తే మనసు నిలవదు. నరికిన మొదలు నుంచి గుబురుగా కొమ్మలొస్తాయి, ఆకు, కాయ చేతికందుతాయి.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ మే చివరి రోజుల్లోనే కుండీల పైన సగం నీడనిచ్చే పచ్చ షేడ్ నెట్ అవసరం పడుతుంది. అంతకుముందు నెట్ వేస్తే బెండ, వంగ పూత తగ్గుతుంది. కొత్త మొక్కలకి గోతులు కూడా ఇప్పుడే తీసి ఎండనివ్వండి, జూన్ వానలకి నాటుకోవచ్చు.

ఊరెళ్ళే సంగతి. కుండీలన్నీ మేడ దించక్కర్లేదు, పడమటి గోడ పక్కన మధ్యాహ్నం నీడ పడే చోట ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. వెళ్ళే ముందు పొద్దున బాగా తడిపి, పైన ఎండుటాకులు పరవండి. పెద్ద కుండీలకి పక్కన బకెట్ కాస్త ఎత్తులో పెట్టి, పాత నూలు చీర పేలికని తాడులా పేని ఒక కొస నీళ్ళలో, ఇంకో కొస మట్టిలో దూర్చితే నాలుగైదు రోజులు గడుస్తాయి. అంతకన్నా ఎక్కువైతే మనిషి ఉండాల్సిందే. పక్కింటి వాళ్ళకి తాళం ఇచ్చేటప్పుడు ఏ కుండీకి నీళ్ళు, దేనికి వద్దు అని సుద్దతో రాసి పెట్టండి, లేకపోతే ప్రేమ కొద్దీ రోజూ ముంచేస్తారు. బెండకాయలు, దోసకాయలు కోసుకోమని కూడా చెప్పండి. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోయి, మీరు వచ్చేసరికి కాపు ఆగిపోయి ఉంటుంది.