పట్టాల మీద టపాసులు నిజంగానే పెడతారా? కవచ్ వచ్చాక కూడా వాటి అవసరం ఉందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: విశాఖపట్నం నుంచి అరకు వెళ్తుంటే కొండల మధ్య బండి ఆగిపోయింది. గార్డు గారు ఎర్రజెండా, ఒక రేకు పెట్టె పట్టుకుని పట్టాల వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్లారు. ఆ పెట్టెలో టపాసులు ఉంటాయని పక్క సీటాయన చెప్పాడు. వాకీటాకీలు, సెల్‌ఫోన్లు, బండ్లు గుద్దుకోకుండా దానంతటదే బ్రేకు వేసే కవచ్ ఉన్న ఈ కాలంలో డ్రైవర్‌ని హెచ్చరించడానికి టపాసులేమిటి?

పక్క సీటాయన చెప్పింది నిజమే. వాటి అసలు పేరు డిటొనేటర్లు. రూల్ పుస్తకంలో ఫాగ్ సిగ్నల్ అని కూడా ఉంటుంది, మా స్టాఫ్ నోట మాత్రం టపాసులు, పటాకాలు. నేను వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను. సర్వీసులో ఎక్కువ భాగం మీరు వెళ్లిన ఆ కొత్తవలస–కిరండూల్ లైన్‌లోనే గడిచింది. ఇప్పుడు గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, డ్రైవర్‌ని లోకో పైలట్ అంటున్నారు. అలవాటు కొద్దీ పాత పేర్లే రాస్తాను.

మీ రెండో ప్రశ్నకి నా జవాబు: అవసరమే. కవచ్ రావాలి, ఇంకా వేగంగా రావాలి, కానీ ఈ టపాసు పోకూడదు.

ముందు అది ఎలా ఉంటుందో చెప్తాను. బూట్‌పాలిష్ డబ్బా లాంటి గుండ్రటి రేకు డబ్బీ. దానికి రెండు పక్కలా చేత్తో వంచగలిగే మెత్తటి లోహపు పట్టీలు ఉంటాయి. లోపల మందు, నొక్కుడు పడగానే దాన్ని అంటించే క్యాపులు. లేబుల్ ఉన్న వైపు పైకి పెట్టి, పట్టా తల మీద సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, పట్టీల్ని రెండు వైపులా కిందికి వంచి బిగించాలి. బిగింపు వదులుగా ఉంటే బండి అదురుకే పక్కకి జారిపోతుంది. చక్రం దాని మీదికి ఎక్కగానే నలిగి పేలుతుంది. చక్రానికి ఏమీ కాదు, పట్టాకీ ఏమీ కాదు. చప్పుడు మాత్రం ఇంజిన్ హోరులో, కిటికీ అద్దాలు మూసి ఉన్నా, డ్రైవర్ చెవిన పడి తీరుతుంది. రేకు ముక్కలు ఎగురుతాయి కాబట్టి పెట్టినవాళ్లు కనీసం 45 మీటర్ల దూరంలో నిలబడాలి.

దీన్ని కనిపెట్టింది ఎడ్వర్డ్ కౌపర్ అనే ఆంగ్లేయుడు, 1841లో. మన దేశంలో మొదటి ప్యాసింజర్ బండి నడిచింది 1853లో అంటే, అంతకు ముందే ఇది ఉంది. ఇంగ్లండ్ పొగమంచులో సిగ్నల్ కనపడక ఇబ్బంది పడే డ్రైవర్ల కోసం పుట్టిన వస్తువు కాబట్టే ఆ ఫాగ్ సిగ్నల్ అన్న పేరు.

మంచు కోసం వాడే పద్ధతి మన దగ్గర కూడా ఉంది, ఉత్తరాదిలో ఎక్కువ. స్టేషన్ మాస్టర్‌కి 180 మీటర్ల దూరంలో ఒక గుర్తు పెట్టి ఉంటుంది. మంచులో అది కనిపించలేదంటే ఫాగ్ సిగ్నల్‌మన్‌ని పంపుతారు. అతను సిగ్నల్‌కి కనీసం 270 మీటర్ల ముందు, పది మీటర్ల ఎడంతో రెండు డిటొనేటర్లు పెడతాడు. ఆ రెండు చప్పుళ్లు వింటే డ్రైవర్‌కి సిగ్నల్ దగ్గర పడిందని అర్థం. ఇప్పుడు జీపీఎస్‌తో పనిచేసే ఫాగ్ సేఫ్ పరికరాలు ఇంజిన్లలోకి వచ్చాక ఈ పని చాలావరకు తగ్గింది.

మీరు చూసింది వేరే వాడకం, అసలు ప్రాణం అక్కడే ఉంది. బండి స్టేషన్ల మధ్య ఆగిపోయి వెంటనే కదిలేలా లేదంటే దానికి రక్షణ పెట్టాలి. గార్డు దగ్గర పది డిటొనేటర్లు ఉంటాయి, డ్రైవర్ దగ్గరా పది. బ్రాడ్‌గేజ్‌లో గార్డు వెనక్కి నడిచి 600 మీటర్ల దగ్గర ఒకటి పెట్టాలి. అక్కడితో ఆగకుండా 1200 మీటర్ల దాకా వెళ్లి, పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. దారిలోనే ఏదైనా బండి వచ్చేస్తుంటే, ఉన్నచోటే వెంటనే పెట్టేయాలి. ఘాట్‌లో పల్లాన్ని బట్టి ఈ దూరాలు ఇంకా పెరగవచ్చు. మూడెందుకంటే ఒకటి తడిసి పేలకపోవచ్చు, ఒక చప్పుడుని డ్రైవర్ ఇంకేదో అనుకోవచ్చు. వరసగా మూడు పేలితే అనుమానానికి తావు లేదు. 1200 మీటర్లు ఎందుకంటే, వేగంలో ఉన్న బరువైన బండి బ్రేకు వేయగానే ఆగిపోదు, దానికి అంత మేర కావాలి.

చప్పుడు విన్న డ్రైవర్ ఏం చేయాలన్నదీ ఖాయంగా రాసి ఉంది. ఆగి ఆగి విజిల్ కొట్టాలి, ఎదురుగా ఏమున్నా దాని ముందే ఆపగలిగేంత వేగానికి తగ్గాలి. అక్కడి నుంచి ఒకటిన్నర కిలోమీటరు దాకా ఇంకేమీ పేలకపోతే అప్పుడు మామూలు వేగం అందుకోవచ్చు, విషయం ముందు స్టేషన్‌లో చెప్పాలి.

ఇందులో నాకు బాగా నచ్చే నియమం ఒకటుంది. బండి బాగై కదలడానికి సిద్ధమయ్యాక డ్రైవర్ విజిల్ కొట్టి గార్డుని వెనక్కి పిలుస్తాడు. గార్డు తిరిగి వస్తూ 600 దగ్గర పెట్టినదాన్ని తీసేస్తాడు కానీ ఆ దూరపు మూడింటిని అక్కడే వదిలేస్తాడు. ఎందుకంటే అతను నడిచి వచ్చి బండెక్కేలోపు వెనక అంతా ఖాళీగా ఉంటుంది, కాపలా ఎవరూ ఉండరు. ఆ కాసేపు ఆ మూడు డబ్బీలే కాపలా. ఈ రూలు రాసినవాళ్లు ఆ చీకట్లో నడిచి చూసినవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

ఇక కేకే లైన్ సంగతి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960లలో కట్టిన లైన్ ఇది. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బ్రాడ్‌గేజ్‌లో ఒకప్పుడు అన్నిటికన్నా ఎత్తైనది అదే. వానాకాలం వస్తే కొండచరియలు, బండరాళ్లు జారిపడడం ఇక్కడ మామూలే. వాకీటాకీ సొరంగంలో, లోయ మలుపులో గరగరమని ఊరుకుంటుంది. అప్పట్లో ఆ కొండల్లో సెల్ సిగ్నల్ మాటే లేదు.

ఒక వానాకాలం రాత్రి నేను ఖనిజం బండిలో ఉన్నాను. నిండు లోడు, నాలుగు వేల టన్నుల పైమాటే, కిందికి దిగుతోంది. గార్డు ఒక్కడే చివరి బ్రేకువ్యానులో ఉంటాడు. ఇంజిన్ నాకు అరకిలోమీటరుకి పైగా ముందు, మలుపు అవతల. వాన చప్పుడులో దూరంగా ఒకటి పేలింది. ఊపిరి తీసుకునేంతలో రెండోది, మూడోది. బ్రేకువ్యానులో గాలి ఒత్తిడి చూపించే మీటరు ముల్లు టక్కున పడిపోయింది, అంటే డ్రైవర్ బ్రేకు వేశాడు. వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకుంటూ ఆ అదురు నా దాకా వచ్చింది. నిలబడి కడ్డీ పట్టుకున్నాను. బండి ఆగింది.

వాకీటాకీలో ముక్కలు ముక్కలుగా విన్నది ఏమిటంటే, ముందు బండరాయి, పట్టాల వెంట నడుస్తూ కాపలా కాసే పాట్రోల్‌మన్ ఎర్రలైటు చూపించాడు. ముందు వైపు సంగతి అసిస్టెంట్ డ్రైవర్ చూసుకుంటాడు, వెనక నాది. లాంతరు, టపాసుల పెట్టె తీసుకుని ఎత్తు ఎక్కుతూ నడిచాను. రెండు స్టేషన్ల మధ్య ఉండే ఒక సెక్షన్‌లో ఒక్క బండే ఉండాలి కదా, వెనక ఎవరొస్తారు అని మీరు అడగవచ్చు. సాయానికి వచ్చే ఇంజిన్ అదే సెక్షన్‌లోకి వస్తుంది. ఆ రాత్రీ వచ్చింది. వేళ్లు తడిసి చల్లబడి ఉంటే ఆ పట్టీలు వంచడం తేలిక కాదు. లాంతరు కంకర మీద పెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కి, పట్టా అడుగున చేత్తో తడిమి, బిగిసిందో లేదో చూసుకోవాలి. మూడూ పెట్టి దూరంగా వచ్చి నిలబడ్డాను. చాలాసేపటికి ఇంజిన్ వస్తున్న అలికిడి వినపడింది కానీ మలుపులో వెలుగు కనపడలేదు. నా ఎర్రలైటు అతనికీ కనపడి ఉండదు. ముందు టపాసులు పేలాయి, ఆ తర్వాతే విజిల్ కొట్టుకుంటూ నెమ్మదిగా వచ్చి ఇంజిన్ నా కళ్ల పడింది.

తెల్లారాక ఆ పాట్రోల్‌మన్‌తో మాట్లాడాను. ఆ చుట్టుపక్కల ఊరివాడే. "ఒక్కడినే ఉన్నాను బాబూ. రాయి పడిపోనాది. లోడు బండి దిగే టైము, అందుకే ముందు ఇటేపే పరిగెట్టేసినాను" అన్నాడు. అతని మోకాలు చీరుకుపోయి ఉంది. వానలో, చీకట్లో, తడిసిన కంకర మీద, స్లీపర్ల మీద ఆ దూరం పరిగెత్తడమంటే ఏమిటో నడిచినవాళ్లకే తెలుస్తుంది. ఒంటరి పాట్రోల్‌మన్‌కి రెండు వైపుల్లో ఏ వైపు ముందు వెళ్లాలన్నది క్షణంలో తేల్చుకోవాల్సిన విషయం. ఏ బండి ముందు రావచ్చో అతనికి తెలిసి ఉండాలి. ఆపడానికి ఎక్కువ దూరం పట్టే బండి ఏదో తెలిసి ఉండాలి. రైల్వే అనగానే వందేభారత్ ఫొటోలు పెట్టేవాళ్లు ఆ గ్యాంగ్ వాళ్ల కాళ్ల గురించి కూడా ఒక్కసారి రాయాలని నా కోరిక.

ఇప్పుడు కవచ్. 2016 ఫిబ్రవరిలో ప్యాసింజర్ బండ్ల మీద పరీక్షలు మొదలై, 2020లో జాతీయ వ్యవస్థగా ఖరారైంది. పట్టాల మధ్య ట్యాగులు, స్టేషన్లో పరికరాలు, టవర్లు, ఇంజిన్లో కంప్యూటర్ ఉంటాయి. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోతే అదే బ్రేకు వేస్తుంది. 2023 అక్టోబర్ 29 రాత్రి మన విజయనగరం జిల్లాలో కంటకాపల్లి–అలమండ మధ్య, విశాఖ నుంచి బయల్దేరిన రెండు ప్యాసింజర్లలో వెనకది ముందుదాన్ని గుద్దింది. ఒకటి పలాసది, ఒకటి రాయగడది. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి వెనక బండి నిమిషాల తేడాతో నడిచే అలాంటి ఆటోమేటిక్ సెక్షన్‌లో దిగి, నడిచి, టపాసు పెట్టే వ్యవధి దొరకదు. అక్కడ కావాల్సింది కవచే, ఆలస్యం చేయకూడదు.

కానీ కవచ్‌కి తెలిసేది సిగ్నళ్లు, వేగం, ఇతర బండ్లు. కొండ మీంచి దొర్లిన రాయి దానికి తెలియదు. పట్టా విరిగినా, వంతెన దగ్గర మట్టి కొట్టుకుపోయినా ముందుగా చూసేది చాలాసార్లు మనిషే. చూసిన మనిషి దగ్గర నుంచి డ్రైవర్ దాకా ఆ కబురు చేరాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పక్క వీధిలో ఉన్నవాళ్ల క్షేమం తెలియక ఎంత టెన్షన్ పడ్డామో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రేకు డబ్బీకి కరెంటు అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. డ్రైవర్ అటు చూస్తున్నాడా ఇటు చూస్తున్నాడా అన్నదీ అక్కర్లేదు. చక్రం దాని మీదికి వస్తే చాలు. అందుకే ఖర్చు తగ్గించుకోవడానికో, పాతబడిందనో దీన్ని తీసేయమనే వాదన నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు. పైగా తయారైన సంవత్సరం చూసి పాతవి ముందు వాడడం, ఎప్పటికప్పుడు కొన్నింటిని పేల్చి పరీక్షించడం శ్రద్ధగా జరగాలి. పెట్టెలో పది ఉన్నాయా అన్నంతవరకే చూసి వదిలేస్తే లాభం లేదు.

టపాసుకి తోడు గార్డు దగ్గర ఎర్రగా కొన్ని నిమిషాలు మండే ఫ్యూజీ ఉంటుంది, ఇంజిన్ మీద ఎదుటి బండిని హెచ్చరించే ఫ్లాషర్ లైటు ఉంటుంది. అవి చూస్తేనే తెలిసేవి, ఇది వింటే తెలిసేది. తేడా అంతే.

చివరగా, ఈ ప్రశ్న చదివే మామూలు జనానికి రెండు విషయాలు. పట్టా మీద గానీ కంకరలో గానీ ఇలాంటి గుండ్రటి డబ్బీ కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. పేలనిది కావచ్చు. పట్టా మీద బిగించి ఉన్నది మాత్రం ఎవరో ఒకరు ఒక బండి కోసం పెట్టింది, దాన్ని అసలు కదపకూడదు.

రెండోది, పట్టా మీద రాయో చెట్టో పడి ఉండడం మీరే ముందు చూశారనుకోండి. దగ్గర్లో గేటుంటే గేట్‌మన్‌కి చెప్పండి, అతని దగ్గర ఫోనూ ఉంటుంది, డిటొనేటర్లూ ఉంటాయి. లేదంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి, పక్కనున్న కరెంటు స్తంభం మీద నంబరు చదవండి. పైన ఉండేది కిలోమీటరు, కింద ఉండేది స్తంభం నంబరు. ఏ ఊరి దగ్గరో, ఏ రెండు స్టేషన్ల మధ్యో కూడా చెప్పండి. బండి వచ్చేస్తుంటే పట్టాలకి ఎడంగా ఉండి, అది వచ్చే వైపు పరిగెడుతూ పగలైతే రెండు చేతులూ పైకెత్తి చూపండి, రాత్రయితే సెల్‌ఫోన్ లైటైనా సరే అడ్డంగా అటూ ఇటూ గట్టిగా ఊపండి. తెల్లలైటు అలా ఊపినా ఆపమనే అర్థమని ప్రతి డ్రైవర్‌కీ తెలుసు.