సొర సినిమాల్లో నిజమెంత? నీళ్లెంత?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం సొరచేప సినిమాల మీదే. 2025లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ‘బీస్ట్ ఆఫ్ వార్’ చూసి రాసినవే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మునిగిపోయి, తెప్ప మీద మిగిలిన కుర్ర సైనికుల చుట్టూ సొర తిరగడం దాని కథ. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: సినిమాకు నిజ సంఘటనే మూలం అంటున్నారు. ఆ ఓడ నిజంగా ఉందా? సొర అంతమందిని చంపిందా? (బ్రాడీపేట, గుంటూరు)

ఓడ ఉంది. పేరు ఆర్మిడేల్, ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన చిన్న యుద్ధనౌక. 1942 డిసెంబరు 1న తైమూరు సముద్రంలో జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి. ఓడలో ఉన్న 149 మందిలో 100 మంది పోయారు. ఆ వందమందిలో ఎక్కువమంది డచ్ వలస సైన్యం తరఫున తైమూరుకు వెళ్తున్న సైనికులు. టెడ్డీ షీన్ అనే 18 ఏళ్ల నావికుడు, ఓడ వదిలిపొమ్మని ఉత్తర్వు వచ్చాక కూడా వెనక్కి వెళ్లి, తుపాకీకి తనను తాను కట్టుకుని, నీట మునిగేదాకా విమానాల మీద కాలుస్తూనే ఉన్నాడు. అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చింది 2020లో. అంటే 78 ఏళ్లు పట్టింది.

ఇక సొర సంగతి. ఒకే సొర పగబట్టి ఒక్కొక్కరినీ ఏరుకు తినడం కథకుడు అల్లినది. అసలు భయంకరమైన ఘట్టం వేరే ఉంది. మునిగిన వారం తర్వాత గాలింపు విమానానికి తెప్ప మీద ఉన్నవాళ్లు కనిపించారు. అది నీటి మీద దిగగల విమానమే, కానీ సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో దిగలేకపోయింది. తర్వాత సహాయనౌక వచ్చి మరో పడవలోని వాళ్లను ఎక్కించుకుంది గానీ, తెప్ప మాత్రం మళ్లీ ఎవరికీ కనబడలేదు. మా లెక్కన సినిమా నిలవాల్సిన చోటు అది.

ప్రశ్న: ‘జాస్’లో ముసలి వేటగాడు రాత్రిపూట పడవలో చెప్పే ఓడ కథ నిజమేనా? (తెనాలి)

నిజమే, కానీ తప్పులున్నాయి. అతను జూన్ 29 అంటాడు. ఆ కథలోని అమెరికా యుద్ధనౌక ఇండియానాపోలిస్ మునిగింది 1945 జులై 30న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి. హిరోషిమా బాంబు భాగాల్ని టినియన్ దీవిలో దింపి వెళ్తుండగా జపాన్ జలాంతర్గామి రెండు టార్పెడోలతో కొట్టింది. పన్నెండు నిమిషాల్లో అడుక్కి పోయింది. 1,100 మంది నీళ్లలో పడ్డారనడం ఇంకో తప్పు. ఓడలో ఉన్నదే 1,195 మంది, వాళ్లలో మూడు వందల మంది దాకా ఓడతోపాటే పోయారు. నీళ్లలో మిగిలిన దాదాపు తొమ్మిది వందల మందిలో ప్రాణాలతో బయటపడింది 316 మంది.

ఆ అయిదారు వందల మందినీ సొరలే తిన్నాయనుకోవద్దు. దాహం తాళలేక ఉప్పునీళ్లు తాగి మతి తప్పినవాళ్లు, ఎండకు, రాత్రి చలికి పోయినవాళ్లే ఎక్కువ. వాళ్ల లైఫ్‌జాకెట్లలో నింపింది బూరుగు దూది. అది కొద్ది గంటలకైతే బాగా తేలుతుంది. రోజుల తరబడి నానితే నీళ్లు పీల్చి, మోయాల్సిన మనిషినే కిందికి లాగుతుంది. ఓడ రావాల్సిన రోజుకు రాకపోయినా ఎవరూ వెతకలేదు. నాలుగో రోజు వేరే పని మీద వెళ్తున్న విమానానికి యాదృచ్ఛికంగా కనబడ్డారు.

దీనికి ఇంకో తోక ఉంది. ఓడను వంకరటింకరగా నడపలేదన్న నేరం మీద కెప్టెన్ మెక్‌వేను కోర్టు మార్షల్ చేశారు. అలా నడిపినా గురి తప్పేది కాదని సాక్ష్యం చెప్పింది ఎవరనుకున్నారు? ముంచిన జలాంతర్గామి కమాండరే! అయినా శిక్ష పడింది. మెక్‌వే 1968లో ఆత్మహత్య చేసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లకు ఫ్లోరిడాలో ఓ బడిపిల్లవాడు ఇదే ‘జాస్’ సన్నివేశం చూసి, స్కూలు ప్రాజెక్టుగా బతికున్న నావికులకు ఉత్తరాలు రాయడం మొదలెట్టాడు. కదిలిన ఆ తుట్టె అమెరికా కాంగ్రెసు దాకా వెళ్లి, 2000లో కెప్టెన్ నిర్దోషి అన్న తీర్మానంతో ఆగింది.

ప్రశ్న: సొర నదిలోకి వచ్చి మనుషుల్ని చంపిందని విన్నాం. కృష్ణలోకి వస్తుందా? మావాడు ఘాట్‌లో కాలు పెట్టనంటున్నాడు. (కృష్ణలంక, విజయవాడ)

మీరు విన్నది 1916 నాటి న్యూజెర్సీ సంగతి. జులై 1 నుంచి 12 లోపు అయిదుగురి మీద దాడి జరిగితే నలుగురు పోయారు. మొదటి రెండూ సముద్రపు ఒడ్డున. చివరి మూడూ మటావన్ అనే ఊళ్లో, వాగులో, ఒకే మధ్యాహ్నం. సముద్రానికి అంత లోపల సొరేమిటని ఎవరూ నమ్మలేదు. వంతెన మీద నుంచి చూసిన ఓ ముసలి నావికుడు ఊరంతా తిరిగి చెప్పినా పట్టించుకోలేదు. ఈత కొడుతున్న 11 ఏళ్ల పిల్లవాడిని ముందు లాక్కుపోయింది. శవం కోసం దిగిన యువకుడినీ చంపింది.

ఆ వాగు పేరుకే వాగు. సముద్రపు పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి. జులై 14న పక్కనున్న అఖాతంలో పట్టిన తెల్ల సొర కడుపులో మనిషి అవశేషాలు దొరికాయి. అయినా వాగులోని దాడులు బుల్ షార్క్ పనేనని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే మంచినీళ్లలో బతకగల కొద్దిపాటి పెద్ద సొరల్లో అదొకటి. చాలా సొరల ఒంట్లో యూరియా, ఉప్పు నిండుగా ఉంటాయి. మంచినీళ్లలోకి వస్తే నీరు లోపలికి చొరబడి చస్తాయి. బుల్ షార్క్ మాత్రం యూరియా తగ్గించుకుని, పలచటి మూత్రం ఎక్కువగా పోస్తూ నెట్టుకొస్తుంది.

ఇక మీ ఘాట్. హంసలదీవి దగ్గర సంగమం నుంచి విజయవాడ దాకా ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలే. బ్యారేజీకి ఎగువనున్న ఘాట్లకైతే ప్రకాశం బ్యారేజీ 70 గేట్లు కూడా అడ్డం. మీవాడిని సొర భయం మానేసి, కాలికింద ఇసుక గుంటల భయం పెట్టుకోమనండి. ఏటా పిల్లల్ని మింగేవి అవే.

ప్రశ్న: మేం ఇంజినీరింగ్ విద్యార్థులం. పదిహేను నిమిషాల సొర సినిమా తీస్తున్నాం. గ్రాఫిక్స్‌కు డబ్బుల్లేవు. సూర్యలంకలో తీయాలా, కృష్ణలోనా? (కానూరు, విజయవాడ)

రెండిట్లోనూ వద్దు. అలల్లో ఒక షాటుకూ ఇంకో షాటుకూ నీళ్ల మట్టం మారిపోతుంది, ఉప్పు కెమెరాను తింటుంది, ఈత రాని యూనిట్ సభ్యుడు ఒక్కడుంటే చాలు కొంప మునగడానికి. ‘జాస్’ బృందమే సముద్రంలో తీస్తామని వెళ్లి, 55 రోజులనుకున్న షూటింగును 159 రోజులు లాగింది. యంత్రపు సొర ఉప్పునీళ్లలో మొరాయించింది. చేసేది లేక సొర బదులు దానికి గుచ్చిన పసుపు పీపాలు నీళ్లమీద పరుగెత్తడం చూపించారు. జనం వణికింది అక్కడే.

మీరూ అదే చేయండి. పీపా కావాలంటే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు రంగేసి తాడుతో కిందికి లాగండి. కాకపోతే ఖాళీ క్యాన్ పూర్తిగా మునగాలంటే దాదాపు 20 కిలోల బలం కావాలి, తాడు లాగేవాడే పైకి తేలతాడు. సగం నీళ్లు నింపితే పది కిలోలతో సరిపోతుంది.

రెక్క చేస్తామంటే కొలత చూసుకోండి. వెన్ను రెక్క ఎత్తు ఒంటి పొడవులో దాదాపు పదో వంతు. మూడు మీటర్ల సొరకు అడుగు చాలు. కొత్తవాళ్లు రెండడుగులు చేస్తారు, తెర మీద సొర బదులు తెరచాప కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు తీసుకుని దానిమీద గట్టి ఫోమ్ రెక్క నిలబెట్టండి. పలక కింద అడుగున్నర ఇనుప కడ్డీ దింపి చివర బరువు కట్టండి. ఆ బరువు లేకపోతే రెక్క మొదటి మలుపులోనే పక్కకు ఒరిగి పడుకుంటుంది. పలక నీటికింద రెండంగుళాల్లో ఉండేదాకా బరువు కొద్దికొద్దిగా పెంచండి. తాడు పలక ముందు అంచున, నీటి మట్టం కింద కట్టాలి. రెక్కకే కడితే ముక్కు లేచి పడవలా పోతుంది. బజార్లో దొరికే నీలం, పసుపు ప్లాస్టిక్ తాడు నీటిమీద తేలి కెమెరాకు చిక్కుతుంది. నైలాన్ తాడు మునుగుతుంది, అది కొనండి. మనిషి నడిచే వేగంతో లాగండి. పరుగెత్తిస్తే నురగ లేచి గుట్టు బయటపడుతుంది. రంగు మెరుపు లేనిది వేయండి, తడిస్తే అదే మెరుస్తుంది.

స్థలం స్విమ్మింగ్ పూల్. నీలం టైల్స్ కనబడకుండా అడుగున నల్ల టార్పాలిన్ పరచి అంచులకు బరువులు పెట్టండి. సాయంత్రం వెలుతురులో, కెమెరా నీటికి ఆరంగుళాల పైన పెడితే పూల్ అడుగు అంతగా కనిపించదు. సగం నీళ్లలో సగం పైన ఉండే షాటుకు గాజు అక్వేరియం తొట్టిలో కెమెరా పెట్టి ముంచుతారు. ఇక్కడా అదే లెక్క: అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టి సగం మునిగితే నీరు దాన్ని 14 కిలోల బలంతో పైకి తోస్తుంది. ఇద్దరు పట్టుకోవాలి, అడుగున బరువు వేయాలి. ఫోన్‌కు ఐపీ68 (నీళ్లను తట్టుకుంటుందన్న రేటింగు) ఉందని నేరుగా ముంచకండి. ఆ పరీక్ష మంచినీళ్లలో చేసింది, క్లోరిన్ నీళ్లకూ ఉప్పునీళ్లకూ హామీ కాదు.

రక్తం పూల్‌లో కలపొద్దు. యజమాని తరిమేస్తాడు, పైగా ఫుడ్ కలర్‌ను క్లోరిన్ వెలవెలబోయేలా చేస్తుంది. విడిగా టబ్బులో దగ్గరి షాట్లు తీసి అతికించండి. లోతులో జరిగే సీనైతే ఎర్రగా చూపకండి. కొన్ని మీటర్ల కిందికి వెళ్లేసరికి నీరు ఎరుపును మింగేస్తుంది, రక్తం ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఒక్క మాట మాత్రం గీటురాయిగా పెట్టుకోండి. ‘కాపాడండి’ అని నటించేవాడికీ, నిజంగా ఊపిరాడనివాడికీ తేడా గట్టుమీద వాళ్లకు తెలియదు. నిజంగా మునిగేవాడు చాలాసార్లు అరవనే అరవడు. అందుకే పిడికిలి పైకెత్తితే నటన కాదు అని ముందే ఒప్పందం చేసుకోండి. చొక్కా లోపల లైఫ్‌జాకెట్, చేతికి అందేంత దూరంలో గజ ఈతగాడు లేకుండా ఎవరినీ దించొద్దు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాపకు చూపించవచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

సర్టిఫికెట్ చూడండి. యూఏలో ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. 13+ అని ఉంటే గేటు దగ్గర ఆపరు, నిర్ణయం మీదే. ఆపేది ‘ఏ’ ఉన్నప్పుడే. పాప పట్టుబడితే పగలు, ఇంట్లో, సౌండు బాగా తగ్గించి చూపించండి. సగం భయం సంగీతానిదే.

ప్రశ్న: వాళ్లు సొరకు భయపడతారు, మనం పుట్టు చేసుకుని తింటాం. కానీ మా ఇంట్లో చేస్తే ఘాటు వాసన. ఎందుకు? (బాపట్ల)

పైన చెప్పిన యూరియాయే. సొర చచ్చాక అది అమోనియాగా మారుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ముక్కు మండుతుంది. చిన్న పాలసొర, ఆ రోజు పట్టిందే కొనండి. కొనేటప్పుడు మొప్పల దగ్గర వాసన చూడండి, ఘాటు తగిలితే వదిలేయండి. ముక్కలు పసుపు వేసి పది నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గరుకు తోలు ఒలిచేయండి. మాంసాన్ని గుప్పిట్లో గట్టిగా పిండి పొడి చేశాకే అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లి తాలింపులో వేయాలి. పిండకుండా వేస్తే పుట్టు ముద్దవుతుంది, వాసనా పోదు. వేల్ షార్క్ మాత్రం వన్యప్రాణి చట్టం కింద ఉంది. వలలో పడినా వదిలేయాల్సిందే.