మొత్తం అంకె తర్వాత, ముందు అతుకు: ట్యాంకుల తయారీ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి చదివాను. సోవియట్ యుద్ధకాల ట్యాంకుల మీద రాయాలన్న నీ పట్టుదల నచ్చింది. కానీ మొదటి పేజీ నిండా మొత్తం అంకెలే పరిచావు. 1942లో 24 వేలకు పైగా తయారయ్యాయన్నది నిజమే. అందులో మధ్యతరహా ట్యాంకులైన టీ-34లు సుమారు సగమే. 9 వేలకు పైగా టీ-60, టీ-70 తేలిక ట్యాంకులు. లారీ ఇంజిన్లతో నడిచేవి కాబట్టి మోటారు ఫ్యాక్టరీలు వాటిని బిగించగలిగాయి. ఇలా విడదీసి చెప్పకపోతే చదివేవాడు దారి తప్పుతాడు.

ప్రతి దశ దగ్గరా ఒకటే అడుగు: పని ఎక్కడ ఆగింది, మళ్లీ ఎలా కదిలింది?

ఉక్కుతో మొదలుపెట్టు. ఉరల్ ప్రాంతపు ఉక్కు పట్టణం మాగ్నితోగోర్స్క్‌లో కవచ పలకల మిల్లు లేదు. 1941 జూలైలో, దిమ్మెల్ని సాగదీసే బ్లూమింగ్ మిల్లు మీదే పలకలు లాగారు. ఆ యంత్రం ఆ పనికి కట్టింది కాదు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. దానికి కనీసం ఒక పేరా కావాలి.

వెల్డింగ్ దగ్గర ఇంకా నిలబడు. టీ-34 హల్ అంటే 45 మిల్లీమీటర్ల పలకల్ని ఏటవాలుగా పేర్చి అతికిన పెట్టె. చేత్తో అతకడానికి చెయ్యి తిరిగిన వెల్డర్లు కావాలి, వాళ్లే కరువు. కీవ్ నుంచి ఉరల్ ప్రాంతపు నిజ్నీ తగిల్‌కు తరలిన యెవ్గెనీ పాటన్ వెల్డింగ్ పరిశోధన సంస్థ అక్కడ ఫ్లక్స్ అనే పొడి కింద ఆటోమేటిక్ వెల్డింగ్ పెట్టింది. చుట్ట నుంచి తీగ దిగుతుంది, ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) ఆ పొడి కిందే మండుతుంది, కరిగిన పొడి గాజుపొరలా కప్పి లోహానికి గాలి తగలనివ్వదు. మొదట్లో తీగ వేగాన్ని సర్దే హెడ్ చిక్కు యంత్రం. తీగ ఒకే వేగంతో దిగినా ఆర్క్ తనంతట తానే సర్దుకుంటుందని 1942లో ఆ సంస్థ శాస్త్రవేత్త ద్యాత్లోవ్ గమనించాడు: తీగకూ పలకకూ మధ్య ఎడం పెరిగితే తీగ కరగడం నెమ్మదిస్తుంది, దిగే తీగ ఆ ఎడాన్ని పూడుస్తుంది. దాంతో హెడ్ తేలికైంది, కొత్తగా చేరిన కుర్రాళ్లూ ఆడపిల్లలూ నడపగలిగారు. ఫ్లక్స్ కరువైతే బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెంతో నెట్టుకొచ్చారు. పగుళ్ల సంగతి మాత్రం దాచకు. కవచపు ఉక్కు గట్టిది. అతుకు పక్కన కాలిన చోటు త్వరగా చల్లారితే పెళుసుబారి సన్నగా చీలుతుంది.

టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే గోపురం) కూర్చునే రింగ్ విషయం నువ్వు అసలు ముట్టుకోలేదు. టీ-34ది 1420 మిల్లీమీటర్లు, 85 మిల్లీమీటర్ల ఫిరంగితో తర్వాత వచ్చిన టీ-34-85ది 1600. అంత వెడల్పు రింగు తిప్పి కోయడానికి పెద్ద నిలువు లేత్‌లు కావాలి, అవి చాలినన్ని లేవు. స్థిరమైన కవచ గదిలో ఫిరంగి బిగిస్తే ఆ రింగే అక్కర్లేదు; 'ఎస్‌యూ' బండ్లు అలాంటివే. ఉరల్ ప్రాంతపు ఫ్యాక్టరీ ఉరల్‌మాష్ ఎస్‌యూ-85 1943 ఆగస్టులోనే రావడానికీ, టీ-34-85 మరుసటి ఏడాది మొదట్లో రావడానికీ మధ్య ఉన్న తేడాలో ఇదీ ఒక కారణం.

ఎస్‌యూ-76 చరిత్ర ఇంకా మంచి పాఠం. మొదటి రకంలో రెండు ఇంజిన్లు పక్కపక్కనే, ఒక్కోదానికి వేరే గేర్‌బాక్స్. రెండూ కలిసి నడిచేటప్పుడు కంపనం పుట్టి గేర్‌బాక్సులు పోయాయి. ఇంజిన్లను ఒకదాని వెనక ఒకటి పెట్టాకే ఎస్‌యూ-76ఎం నిలదొక్కుకుంది. రెండు రకాలూ కలిపి 14 వేలకు పైగా. ముందు పొరపాటు చెప్పి, తర్వాతే ఈ అంకె చెప్పు.

'టీ-34' అనే మాటను ఒకే వస్తువులా వాడకు. రబ్బరు దొరక్క 1942లో స్టాలిన్‌గ్రాడ్ ట్యాంకులకు ఉక్కు అంచుల చక్రాలు వేశారు. చప్పుడూ, అదురూ ఎక్కువ. వీ-2 డీజిల్ ఇంజిన్లు అందక గోర్కీలోని క్రాస్నోయె సొర్మొవో కొన్నాళ్లు ఎం-17 పెట్రోలు ఇంజిన్లు బిగించింది. ఉరల్‌మాష్ టరెట్లను పోత పోయకుండా 10,000 టన్నుల ప్రెస్‌తో అచ్చు కొట్టింది. బొమ్మ కింద ఏ ఫ్యాక్టరీదో, ఏ ఏడాదిదో రాయి.

తిరగరాసేటప్పుడు వెల్డింగ్ భాగం ముందు పూర్తిచేసి పంపు. మిగతా అధ్యాయాలకు అదే కొలత అవుతుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య