ఫ్రాన్స్ బడిలో మా అమ్మాయి స్కార్ఫ్ తీయాల్సిందేనా?

ప్రశ్న: మాది గుంటూరు, ఆనందపేట. మావారికి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం వచ్చింది. అందరం వెళ్తున్నాం. పెద్దమ్మాయి అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పీజీ చేస్తుంది, పదిహేనేళ్ల చిన్నమ్మాయి బడిలో చేరాలి. ఇద్దరూ స్కార్ఫ్ కట్టుకుంటారు. నేను ముఖం కూడా కప్పే బురఖా వేసుకుంటాను. అక్కడ ఇవేవీ కుదరవంటున్నారు. మన మైనారిటీ హక్కులు అక్కడ పనిచేయవా?
– ఒక తల్లి

జవాబు: పనిచేయవమ్మా. మన రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛ మన దేశం వరకే. అక్కడ దిగాక వాళ్ల చట్టమే మీ చట్టం. అయితే మీకు చెప్పినంత ఘోరంగానూ లేదు. ముగ్గురి సంగతీ వేర్వేరు.

పెద్దమ్మాయి గురించి టెన్షన్ వద్దు. యూనివర్సిటీ విద్యార్థుల స్కార్ఫ్ మీద నిషేధం లేదు. రేపు అక్కడే ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే మాత్రం డ్యూటీలో తీయాలి.

చిక్కంతా చిన్నమ్మాయిదే. 2004 మార్చి 15 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో మతం కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తులు, దుస్తులు కుదరవు. స్కార్ఫ్, సిక్కు తలపాగా, యూదుల టోపీ, పెద్ద శిలువ అన్నీ అందులోకే వస్తాయి. 2023లో ఒళ్లంతా కప్పే వదులు గౌను అబాయాను కూడా చేర్చారు. అక్కడి పై కోర్టు దాన్ని ఆపలేదు. చర్య తీసుకునే ముందు పిల్లతో మాట్లాడాలని అదే చట్టం చెబుతోంది. కానీ మాటలయ్యాక కూడా తీయనంటే బడి నుంచి పంపేయొచ్చు.

రూలు అందరికీ ఒకటేనని ప్రభుత్వం అంటుంది. కాగితం మీద నిజమే. కానీ మెడలో చిన్న శిలువ గొలుసుకు అభ్యంతరం లేదు. స్కార్ఫుకు, తలపాగాకు అలాంటి చిన్న సైజు ఎక్కడిది? అందుకే ఈ చట్టం బరువు మైనారిటీ పిల్లల మీదే ఎక్కువ పడిందని నా అభిప్రాయం.

1905లో చర్చితో తెగతెంపులు చేసుకున్న రాజ్యం అది. ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతానికీ జీతమివ్వదు. దసరాకు బెజవాడ దుర్గమ్మకు సర్కారు తరఫున పట్టువస్త్రాలు సమర్పించే, గుడికి ఈవోను వేసే మన పద్ధతి వాళ్లకు మింగుడుపడదు. తమాషా ఏమిటంటే, 1905లో జర్మనీ చేతిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ ప్రాంతంలో ఆ తెగతెంపుల చట్టం ఇప్పటికీ లేదు. అక్కడ ఫాదర్లకు ప్రభుత్వమే జీతమిస్తుంది! స్కార్ఫ్ నిషేధం మాత్రం ఆ ప్రాంతపు బడుల్లోనూ ఉంది.

మీకున్న దారి ప్రైవేటు బడి. వాటికి 2004 చట్టం వర్తించదు. ప్రభుత్వ సాయంతో నడిచేవాటిలో ఎక్కువ భాగం క్యాథలిక్ సంస్థలవే, సొంత రూల్స్ పెట్టుకుంటాయి. కొన్ని స్కార్ఫును ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. సీటు తీసుకునే ముందే మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. ఇంట్లో ఉంచి చదివిద్దామంటే, అక్కడ పదహారేళ్ల వరకు చదువు తప్పనిసరి. ఇంటి చదువుకు ముందుగా అనుమతి కావాలి.

ఇక మీ సంగతి. తల కప్పుకుని బజారుకు వెళ్లొచ్చు, ముఖం కప్పకూడదు. 2010 చట్టం ప్రకారం 150 యూరోల వరకు జరిమానా. ముఖం కప్పుకోమని ఎవరైనా బలవంతం చేస్తే ఏడాది జైలు, 30 వేల యూరోల జరిమానా కూడా పడొచ్చు. మీవారికి కూడా ఈ మాట చెప్పానని చెప్పండి. యూరప్ మానవ హక్కుల కోర్టు 2014లో ఈ నిషేధాన్ని సమర్థించింది కాబట్టి కేసు వేద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.

చివరిగా, నివాస కార్డు ఫొటోకు తల మీద ఏమీ ఉండకూడదు. ఇదే విషయంలో ఒక సిక్కు పెద్దాయన పోరాడితే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో ఆయన పక్షానే చెప్పింది. అయినా రూలు మారలేదు. కాబట్టి ముగ్గురూ ఆ ఫొటోకు ముందే మనసు సిద్ధం చేసుకుని వెళ్లండి.