మట్టిబొమ్మా, జ్యూస్ కూతురా? వండర్ ఉమన్ రచయితలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కామిక్స్ నాయిక వండర్ ఉమన్‌ను, అంటే డయానాను, 1941 నుంచి ఎందరో రాశారు. ఒకరి డయానాకూ ఇంకొకరి డయానాకూ పోలికే ఉండదు. ఏ రచయిత ఎలా రాశారో పోల్చాలంటే దేన్ని పట్టుకోవాలి?

జవాబు: మూడు విషయాలు పట్టుకోండి. ఆమె ఎలా పుట్టింది, ఆమె లాసో (విసిరి బిగించే తాడు) ఏం చేస్తుంది, శత్రువును ఎలా లొంగదీస్తుంది. రచయిత మనసులో ఏముందో ఈ మూడూ చెప్పేస్తాయి.

సృష్టికర్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధాన్ని రక్తపోటుతో పట్టుకోవచ్చని పరిశోధించినవాడు. అలాంటి వాడు లాసోను నిజం చెప్పించడానికే పెట్టాడని చాలామంది అనుకుంటారు. కానీ 1942లో సెన్సేషన్ కామిక్స్ 6వ సంచికలో వచ్చిన ఆ బంగారు లాసో పని వేరు. దానితో కట్టినవాడు చెప్పినట్టు వినాల్సిందే. నిజం చెప్పడం ఆ విధేయతలో ఒక భాగం మాత్రమే. ప్రేమగల అధికారానికి ఇష్టంగా లొంగడమే శాంతికి దారి అని మార్‌స్టన్ గట్టిగా నమ్మాడు. ఆయన కథల నిండా కట్లు, సంకెళ్లు కనిపించడానికి కారణమిదే. మగవాళ్లు ఆమె కంకణాలకు గొలుసులు బిగిస్తే బలం పోతుందనే నియమం కూడా అక్కడిదే. హెచ్. జి. పీటర్ బొమ్మలతో కలిపి చదివితే ఇదంతా విచిత్రంగా ఉంటుంది కానీ ఎక్కడా తడబాటు ఉండదు.

1987లో జార్జ్ పెరెజ్ మళ్లీ మొదటి సంచిక నుంచి మొదలుపెట్టాడు. మొదట గ్రెగ్ పాటర్, తర్వాత లెన్ వీన్ రాతలో తోడున్నారు. పెరెజ్ లాసోను పూర్తిగా సత్యానికి అప్పగించాడు. యుద్ధదేవుడు ఏరీస్ ప్రపంచాన్ని అణుయుద్ధంలోకి నెడుతుంటే డయానా అతణ్ణి కొట్టి ఓడించదు. లాసో చుట్టి, మనుషులంతా చచ్చాక నిన్ను కొలిచేవాడు ఎవడూ మిగలడనే నిజం చూపిస్తుంది. ఏరీస్ వెనక్కి తగ్గుతాడు. ఆయుధం, వ్యక్తిత్వం, కథ ముగింపు మూడూ ఒకే చోట కలవడం ఈ కామిక్‌లో అరుదు. అందుకే మా దృష్టిలో పెరెజ్ మొదటి ఏడు సంచికలే కొలబద్ద.

పుట్టుకలోనూ అంతే. మట్టితో చేసిన శిశువు అనేది పాత కథే. పెరెజ్ దానికి కారణం కల్పించాడు. డయానా పెరిగిన ద్వీపంలోని యోధ స్త్రీలైన అమెజాన్లు మగవాళ్ల చేతిలో చనిపోయిన స్త్రీల ఆత్మలు. వాళ్ల రాణి, డయానా తల్లి హిప్పోలిటా పూర్వజన్మలో గర్భవతిగా ఉండగా హత్యకు గురైంది. ఆనాడు పుట్టని బిడ్డే మట్టిలోకి వచ్చిన డయానా.

ప్రశ్న: అజరెల్లో కథ బాగుందని కొందరు, పాత్రను పాడుచేసిందని కొందరు అంటారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, అయితే వేర్వేరు కారణాలతో. బ్రయాన్ అజరెల్లో, ముఖ్య చిత్రకారుడు క్లిఫ్ చియాంగ్ 2011 నుంచి 2014 వరకు 35 సంచికలు చేశారు. గ్రీకు దేవతల రాజు జ్యూస్ మాయమయ్యాడు. అతని బిడ్డను మోస్తున్న జోలా అనే మామూలు యువతిని జ్యూస్ భార్య హీరా నుంచి డయానా కాపాడాలి. దేవుళ్లంతా ఒకే కుటుంబంలో కత్తులు దూసుకునే బంధువులు. తల మీద కరిగే కొవ్వొత్తులున్న పాతాళదేవుడు హేడీస్, నెత్తురు పాదాల ముసలి యుద్ధదేవుడు చియాంగ్ గీతలో మరపురారు. భయానక పురాణకథగా ఇది గొప్పది.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మట్టి కథ హీరా అసూయ నుంచి దాచడానికి చెప్పిన అబద్ధమని, డయానా జ్యూస్ కూతురని తేల్చారు. దాంతో తండ్రి అవసరం లేకుండా తల్లి కోరికతో పుట్టిన ఆమె, జ్యూస్ సంతానంలో ఇంకొకతె అయిపోయింది. రెండోది ఇంకా పెద్దది. 7వ సంచికలో అమెజాన్లు ఓడల మీద దాడి చేసి, నావికులతో గడిపి, పుట్టిన మగపిల్లలను ఆయుధాల కోసం కమ్మరి దేవుడు హెఫెస్టస్‌కు ఇచ్చేస్తారని ఉంది. ఆ ద్వీపం నుంచే డయానా కరుణ నేర్చుకుంది. దాన్ని అంత క్రూరం చేస్తే ఆమె మంచితనానికి వేరు దొరకదు. కథ చదవండి, కానీ పాత కథలకు కొనసాగింపుగా కాకుండా విడిగా చదవండి.

ప్రశ్న: ఆమె ఒకణ్ణి మెడ విరిచి చంపుతుందట. ఇది ఆమె తీరేనా?

జవాబు: గ్రెగ్ రుకా 2005లో రాసిన 219వ సంచిక అది. విలన్ మాక్స్‌వెల్ లార్డ్ సూపర్‌మ్యాన్ మనసును తన చేతిలో పెట్టుకున్నాడు. డయానా అతణ్ణి లాసోలో బిగించి, ఎలా ఆపాలని అడిగితే, నన్ను చంపితేనే అంటాడు. లాసోలో ఉన్నవాడు అబద్ధం చెప్పలేడు. ఈ తర్కం గట్టిది. విడిగా చదివితే మాత్రం దారుణంగా తోస్తుంది, ఎందుకంటే ఇది నాలుగు భాగాల కథలో చివరిది. క్రమం ఇది: సూపర్‌మ్యాన్ 219, యాక్షన్ కామిక్స్ 829, అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ 642, ఆఖరున వండర్ ఉమన్ 219. మొదటిదానికీ చివరిదానికీ అంకె ఒకటే కావడంతో చాలామంది ఒకటి చదివి రెండోది వదిలేస్తారు.

రుకా రాసిన డయానా రాయబారి, అంటే మాట ఇచ్చి దాని బరువు మోసే మనిషి. 2002లో వచ్చిన ఆయన హికెటియా అనే చిన్న పుస్తకం ముందు చదివితే ఈ నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. శరణు కోరిన హంతకురాలి కోసం అందులో ఆమె బ్యాట్‌మ్యాన్‌కే అడ్డు నిలుస్తుంది.

ప్రశ్న: వండర్ గర్ల్ డయానా చిన్నప్పటి రూపమా, వేరే అమ్మాయా?

జవాబు: మొదట డయానాయే. రాబర్ట్ కానిగర్ 1950ల చివర్లో ఆమె బాల్యకథలు రాశాడు. 1965లో టీన్ టైటన్స్ జట్టు కథలో బాబ్ హేనీ వండర్ గర్ల్‌ను వేరే అమ్మాయిగా వాడేశాడు. అప్పటికే అచ్చయింది కాబట్టి వెనక్కి తీసుకోలేకపోయారు. 1969లో మార్వ్ వోల్ఫ్‌మన్, గిల్ కేన్ ఆమెకు డోనా అనే పేరు, అగ్నిప్రమాదం నుంచి డయానా కాపాడిన శిశువనే కథ ఇచ్చారు. పెరెజ్ 1987లో డయానాను కొత్తగా లోకంలోకి తేవడంతో ఆ కథ కూలింది, ఎందుకంటే డోనా అప్పటికే పెద్దయి ఉంది. డోనా గతం మాటిమాటికీ మారడానికి మూలం ఇదే.

ప్రశ్న: 1968లో శక్తులు పోయిన కథలు చదవదగ్గవేనా?

జవాబు: మైక్ సెకౌస్కీ బొమ్మల కోసం చదవొచ్చు. వేగం, రంగులు బాగుంటాయి. డెనీ ఓ'నీల్ ఆమెను శక్తులు వదులుకుని కరాటే నేర్చుకునే మామూలు మనిషిగా మార్చాడు. కానీ బలం పోయాక ఆమెకు దారి చూపేది ఐ చింగ్ అనే మగ గురువు, అక్కడే కథ తేలిపోయింది. స్త్రీవాద రచయిత్రి గ్లోరియా స్టైనెమ్ ఈ మార్పును తప్పుపట్టింది. ఆమె పత్రిక మిజ్ 1972 జూలై సంచిక ముఖచిత్రంపై పాత రూపం కనిపించింది. 1973 మొదట్లో 204వ సంచికతో శక్తులు తిరిగొచ్చాయి.

ప్రశ్న: 2016 నాటి రుకా కథలను ఏ వరుసలో చదవాలి?

జవాబు: అచ్చయిన వరుసలోనే, 1 నుంచి 25 దాకా. బేసి సంచికల్లో ఎక్కువగా లియాం షార్ప్ బొమ్మలతో వర్తమానం, సరి సంచికల్లో 14 దాకా ఎక్కువగా నికోలా స్కాట్ బొమ్మలతో మొదటి ఏడాది కథ ఉంటాయి. సంపుటాల్లో వీటిని విడదీశారు: మొదటిదాంట్లో 11 దాకా బేసివి, రెండోదాంట్లో 14 దాకా సరివి. అలా చదివితే, తన జ్ఞాపకాలే నిజం కాదేమోనన్న డయానా అనుమానానికి ఆ మొదటి ఏడాది కథ ఇచ్చే జవాబు చాలా ఆలస్యంగా అందుతుంది. రెండు సంపుటాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకటి విడిచి ఒకటి తిప్పండి. సంపుటాలు కొనేటప్పుడు సంచిక అంకెతో పాటు ఏడాది కూడా చూసుకోండి. 1942, 1987, 2006, 2011, 2016, 2023ల్లో ప్రతిసారీ అంకె ఒకటి నుంచి మొదలైంది. పైగా 2010లోనూ 2020లోనూ పాత లెక్క ప్రకారం 600, 750 అని ఒక్కసారిగా దూకింది.