ఫోల్డర్ల చెట్టు ఒక్కసారే పేజీలోకి ఎక్కించకండి

ప్రశ్న: రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రిపోర్టులన్నీ సర్వర్‌లో ఊరు, రైతు, చెరువు, నెల వారీగా ఫోల్డర్లలో ఉన్నాయి. వాటిని బ్రౌజర్‌లో చెట్టులా చూపించమని మా సార్ అడిగారు. ఫోల్డర్ లోపల ఫోల్డర్‌కి వెళ్తూ అన్నీ తిరిగే ఫంక్షన్ ఒకటి జేఎస్పీ పేజీలోనే (జావా కోడ్ కలిపి రాసే వెబ్ పేజీ) రాశాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చింది. సర్వర్‌లో పెడితే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఒక్కోసారి నల్ పాయింటర్ ఎర్రర్ వస్తోంది. తెలుగు పేర్లున్న ఫోల్డర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమలాపురంలో నా దగ్గర జావా నేర్చుకునే పిల్లలు కూడా ఈ ఫంక్షన్‌తోనే మొదలుపెడతారమ్మా. ఫంక్షన్‌లో తప్పు లేదు. ఎవరూ అడగకముందే చెట్టంతా తిరిగి రావడం వల్లే ఆలస్యం. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకి, అక్కణ్నుంచి బోదెకి, తూము తీసిన చోటికే వెళ్తాయి కదా. మీ పేజీ కూడా అలాగే నడవాలి. మొదట ఊళ్ల పేర్లు మాత్రమే పంపండి. మొగల్తూరు నొక్కితే అప్పుడు ఆ ఊరి రైతుల పేర్లు, రైతు పేరు నొక్కితే అతని చెరువులు.

ఇందుకు జేఎస్పీలో ఉన్న జావా కోడ్‌ని ఒక సర్వ్‌లెట్‌లోకి, అంటే బ్రౌజర్ అడిగినదానికి సర్వర్‌లో జవాబిచ్చే జావా క్లాస్‌లోకి మార్చండి. అది ఒక్క ఫోల్డర్‌లో ఉన్నవాటిని మాత్రమే చదివి జేసన్‌గా (జావాస్క్రిప్ట్ సులువుగా చదవగలిగే రాత రూపం) పంపితే చాలు. పేజీలోని జావాస్క్రిప్ట్ వాటిని నొక్కిన పేరు కింద చేరుస్తుంది. ఆ పనికి జేఎస్‌ట్రీ లాంటి లైబ్రరీ వాడుకోవచ్చు.

ఫోల్డర్ చదవడానికి జావాలోని పాత లిస్ట్‌ఫైల్స్ ఫంక్షన్ వద్దు. మీ నల్ పాయింటర్ బహుశా అక్కడిదే. ఫోల్డర్ చదవడానికి అనుమతి లేకపోతే అది కారణం చెప్పదు, ఊరికే నల్ (ఏమీ లేదని) ఇస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లన్నీ మీవే. సర్వర్‌లో మీ జావా పేజీలను నడిపే టామ్‌క్యాట్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంటుంది, కొన్ని ఫోల్డర్లు దానికి తెరుచుకోవు. 2011లో జావా 7తో వచ్చిన డైరెక్టరీ స్ట్రీమ్ వాడితే అనుమతి లేదని ఎర్రర్‌లోనే స్పష్టంగా చెబుతుంది. దాన్ని ట్రై బ్రాకెట్లలోనే తెరవండి, పని అవగానే దానంతటదే మూసుకుంటుంది. మూయకుండా వదిలేస్తే కొన్నాళ్లకు సర్వర్ ఇక ఫైళ్లు తెరవలేనంటుంది.

తెలుగు పేర్ల సంగతి. ఒక ఫోల్డర్ పేరులోని అక్షరాల యూనికోడ్ సంఖ్యలు లాగ్‌లో రాయించండి. అవి 3072 నుంచి 3199 లోపు ఉంటే జావాకి పేరు సరిగానే అందింది. పేజీ పంపేటప్పుడు పాడవుతోంది కాబట్టి జేఎస్పీలోనూ సర్వ్‌లెట్ రెస్పాన్స్‌లోనూ యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ పట్టే అక్షరాల పద్ధతి) అని పెట్టండి. 65533 కనిపిస్తే పేరు డిస్క్ నుంచి చదివేటప్పుడే పాడైంది. లినక్స్ సర్వర్ అయితే టామ్‌క్యాట్ మొదలయ్యే చోట లాంగ్ (LANG) వేరియబుల్‌కి యూటీఎఫ్-8 లొకేల్ (భాషా సెట్టింగ్) ఇచ్చి మళ్లీ స్టార్ట్ చేయండి. జావా 18 నుంచి ఫైల్ లోపలి రాతకు యూటీఎఫ్-8 దానంతటదే వస్తుంది కానీ, ఫైల్ పేర్లకు ఆ మార్పు వర్తించదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీరు అడగనిది ఒకటుంది. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ఏ ఫోల్డర్ కావాలో బ్రౌజర్ నుంచి వస్తుంది కదా, అందులో ఎవరైనా రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత (../) పెట్టి పంపితే ఒక మెట్టు పైకి వెళ్లిపోతారు. అలా ఎక్కుతూ పోతే సర్వర్‌లోని వేరే ఫైళ్లు కూడా కనిపించొచ్చు. వచ్చిన దారిని జావాలోని టు రియల్ పాత్‌తో అసలు దారిగా మార్చండి. అది మీ రిపోర్టుల ఫోల్డర్‌తోనే మొదలవుతోందా అని పాత్ క్లాస్‌లోని స్టార్ట్స్ విత్‌తో చూశాకే తెరవండి. ఉత్త అక్షరాలు పోల్చి వదిలేస్తే 'రిపోర్టులు', 'రిపోర్టులు-పాతవి' రెండూ ఒకటే అయిపోతాయి.

అదొక్కటే సరిపోదు. రైతులు కూడా లాగిన్ అయి చూసేటట్టయితే, ఆ రైతుకి ఆ ఫోల్డర్ చూసే హక్కు ఉందో లేదో నొక్కిన ప్రతిసారీ సర్వర్‌లోనే చూడాలి. పేజీలో పేరు దాచినంత మాత్రాన చాలదు. చెరువులో అమ్మోనియా పెరిగిందనో, వైట్‌స్పాట్ (రొయ్యలకు వచ్చే వైరస్ జబ్బు) అనుమానం ఉందనో బయటికి పొక్కితే, పట్టుబడికి వచ్చే కొనుగోలుదారు ధర తగ్గించి అడుగుతాడు. ఆ కాగితం రైతుదే. పీడీఎఫ్‌లను కూడా నేరుగా లింకు ఇవ్వకుండా ఇదే తనిఖీ దాటించి పంపండి.

ఇక వరుస. డైరెక్టరీ స్ట్రీమ్ పేర్లను ఏ వరుసలో ఇస్తుందో చెప్పలేం, మీరే సర్దుకోవాలి. నెలల పేర్లు తెలుగులో ఉంటే అక్షరాల వరుసలో అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్, ఆ తర్వాత జనవరి వస్తాయి. కొత్త ఫోల్డర్లకు 2025-01, 2025-02 అని పేర్లు పెట్టి, పేజీలో చూపించేటప్పుడు మాత్రం జనవరి, ఫిబ్రవరి అని రాయించండి. పాతవాటి పేర్లు మార్చేముందు ఒక కాపీ వేరే డిస్క్‌లో తీసుకోండి.