పది కీలు, ఒక సెంటీమీటరు: కీబోర్డు కొలతలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: లినక్స్ లాంటి సిస్టములలో తెర మీద కిటికీలు చూపే ఎక్స్11లో, తెర మీద కీబోర్డు బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామును సీ భాషలో రాస్తున్నాను. ఎక్స్‌కేబీ (ఎక్స్11లో కీబోర్డు సంగతులు చూసే భాగం) ఇచ్చే జ్యామెట్రీ, అంటే కీబోర్డు ఆకారం కొలతల, ఫంక్షన్లతో షేపు (కీ ఆకారం), సెక్షన్ (కొన్ని వరసల గుంపు), వరస, కీలు అన్నీ చేర్చాను. ఏ ఫంక్షనూ విఫలం కాలేదు. ప్రతి కీకి ముందు ఒక మిల్లీమీటరు ఖాళీ కూడా ఇచ్చాను. అయినా పది కీల వరస మొత్తం ఒక సెంటీమీటరులో ఇరుక్కుపోతోంది, ప్రతి కీ చుక్కలాగే కనబడుతోంది. పొరపాటు ఎక్కడుంది?

జవాబు: మీరు చెప్పిన ఆ ఒక్క సెంటీమీటరే పొరపాటును పట్టిస్తోంది. పది ఖాళీలు కలిపితే సరిగ్గా అంతే వస్తుంది. అంటే ఖాళీలు లెక్కలోకి వచ్చాయి, కీల వెడల్పు మాత్రం సున్నాగా ఉండిపోయింది. ఈ పద్ధతిలో ఏ కీ స్థానాన్నీ విడిగా రాసిపెట్టరు. వరస ఎడమ అంచున మొదలుపెట్టి, మొదట ఒక్కో కీకి ముందున్న ఖాళీని, ఆ తరువాత ఆ కీ షేపు వెడల్పును కూడుకుంటూ పోతేనే తరువాతి కీ ఎక్కడ మొదలవుతుందో తేలుతుంది.

వెడల్పు సున్నా కావడానికి కారణం యాడ్ జియోమ్ అవుట్‌లైన్ అనే ఫంక్షన్‌ దగ్గర ఉండి ఉంటుంది. షేపుకు అవుట్‌లైన్‌ను, అంటే బిందువులతో చెప్పే అంచు గీతను, చేర్చేది అదే. దానికి మీరిచ్చే బిందువుల సంఖ్య చోటు కేటాయించడానికి మాత్రమే పనికొస్తుంది. ఆ చోటులో ఎన్ని బిందువులు నిజంగా నింపారో తెలిపే నమ్ పాయింట్స్‌ను మీరే రాయాలి, లేకపోతే అది సున్నాగానే ఉంటుంది. ఒకే బిందువున్న అవుట్‌లైన్‌ను మూలబిందువు నుంచి ఆ బిందువు దాకా పరచుకున్న దీర్ఘచతురస్రంగా తీసుకోవాలన్నది నియమం కనుక, షేపు హద్దులు లెక్కకట్టే ఫంక్షన్ మూలబిందువును తానే కలుపుకుంటుంది. బిందువులే లేనప్పుడు దానికి దొరికేది ఆ మూలబిందువు ఒక్కటే. హద్దులు సున్నాకు కుదించుకుపోయినా అది పని పూర్తయిందనే చెబుతుంది. ఇంత ముఖ్యమైన చోట లైబ్రరీ ఒక హెచ్చరికైనా ఇవ్వకపోవడం నాకు లోపంగానే తోస్తుంది.

కాబట్టి 18 మిల్లీమీటర్ల చదరపు కీకి బిందువు విలువలు 180, 180 అని నింపి, నమ్ పాయింట్స్‌ను 1 చేసి, ఆ తరువాతే హద్దులు లెక్కకట్టే ఆ ఫంక్షన్‌ను, అంటే కంప్యూట్ షేప్ బౌండ్స్‌ను పిలవండి. కొలతల ప్రమాణం మిల్లీమీటరులో పదో వంతు. రెండు బిందువులిస్తే అవి దీర్ఘచతురస్రపు ఎదురెదురు మూలలవుతాయి. మడత తిరిగిన ఎంటర్ కీ లాంటి దానికి ఆరు బిందువుల బహుభుజి కావాలి. షేపుల తరువాత వరసలు, వాటి తరువాత సెక్షన్లు, ఈ క్రమంలోనే హద్దులు లెక్కించాలి. అప్పుడు మీ వరస 1900 యూనిట్లు, అంటే 19 సెంటీమీటర్లు రావాలి. మామూలు కీబోర్డు మీద క్యూ ఎడమ అంచు నుంచి పీ కుడి అంచు దాకా స్కేలు పెట్టి చూడండి, దాదాపు అంతే ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకొక్క మాట. కొత్త సెక్షన్‌నో వరసనో చేర్చినప్పుడు చోటు చాలకపోతే లైబ్రరీ ఆ పట్టిక మొత్తాన్ని మెమరీలో మరో చోటికి మార్చవచ్చు. అప్పటిదాకా మీరు దాచుకున్న పాత పాయింటర్లు (మెమరీ చిరునామాలు) చెల్లవు. ఎన్ని వరసలు, ఎన్ని కీలు కావాలో ముందే చెప్పడం మేలు. కీ మాత్రం తన షేపును పాయింటరుగా కాక వరుస సంఖ్యగా గుర్తుంచుకుంటుంది కనుక అక్కడ ఈ భయం లేదు.

ప్రశ్న: కీబోర్డు లేఅవుట్‌ను మరో భాషకు మార్చినప్పుడల్లా ఈ కొలతలనూ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. జ్యామెట్రీకి తెలిసింది కీ పేరే కానీ దాని మీది అక్షరం కాదు. స్పేస్ బారు వరసను ఏ అనుకుని పైకి లెక్కపెడితే నాలుగోది డీ వరస. అందులో మొదటి అక్షరపు కీ ఏడీ01. అది ఏ భాషలో ఏ అక్షరాన్నిస్తుందో సింబల్స్ అనే వేరే భాగం చూసుకుంటుంది. చేతి కింది కీబోర్డే మారితే తప్ప కొలతల జోలికి పోనవసరం లేదు. అయితే ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్‌లో ప్రోగ్రాములు కీబోర్డు కోసం సాధారణంగా వాడే లైబ్రరీ లిబ్‌ఎక్స్‌కేబీకామన్ ఈ జ్యామెట్రీ భాగాన్ని అసలు పట్టించుకోదు కనుక, అక్కడ కూడా మీ బొమ్మ గీయాలనుకుంటే కొలతలను మీ సొంత ఫైలులో ఉంచుకోండి.